గాటు పడ్డ నాణెం

పులియంతోపులో బుధవారం రాత్రి.
చర్చి రెండో మెట్టు దాకా వచ్చి ఆగింది వాననీరు.
లోపల గోడ మీద జఫన్యా అయ్యగారు వేయించిన బొమ్మ:
ఏడు తలల మృగం, నడిమి తల నుదుట బార్‌కోడ్,
వెనక విమానాలు, ఒక సెల్ టవర్.
రంగు చాలక తోక దగ్గర నీలం పచ్చలోకి జారింది.

తీతు ఆధార్ తీయించుకోనిది ఆ బొమ్మ చూసే.
వేలిముద్ర ఇస్తే ఆత్మ పోతుందని వాడి భయం.
ఆత్మ ఉంది. రేషన్ పోయింది.

నవ్వాలనిపించలేదు నాకు.
నిన్న వాణ్ణి ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లాను,
కిక్కిరిసిన బస్సులో, ఒంటికాలి మీద.
అద్దం వెనక రోము బంగారం,
మిరియాలకీ ముత్యాలకీ మన రేవుల్లో దిగిన డబ్బు.
చక్రవర్తి బుగ్గ మీద ఉలిగాటు.
ఇక్కడివాళ్లే ఎవరో పెట్టి ఉంటారు,
లోపల రాగి ఉందేమో చూడ్డానికో
ఇక ఈ మొహం చెల్లదని చెప్పడానికో.
"తలకి దెబ్బ తగిలినా చావలేదు చూడన్నా"
అన్నాడు తీతు. వాడికి ఆ వాక్యాలన్నీ కంఠతా.

నాకు వచ్చినంత చెప్పాను:
ఆ ముసలాయన రాసింది మన సెల్ టవర్ గురించి కాదురా.
ఉన్నది రాళ్ల దీవిలో. ఎదురు నేల మీద ఏడు ఊళ్లు,
ఉత్తరం మోసేవాడు నడిచే దారి వరసలో.
సంతకెళ్లాలంటే ఈ మొహాన్నే అరచేతిలో పట్టుకెళ్లాలి.
మొహం చుట్టూ రాసుంటుంది, నేను దేవుడి కొడుకునని.
వాడి గుడి ముందు ధూపం వెయ్యనివాడికి
నేతగాళ్లలో చోటులేదు, అద్దకంవాళ్లలో చోటులేదు.

అంకె సంగతా?
వాళ్ల అక్షరాలే వాళ్ల అంకెలు.
సంగీతం మేష్టారు కటపయాది పట్టుకుని
పేరులో మొదటి రెండక్షరాలు తిరగేసి
మేళం నంబరు చెప్పెయ్యడూ, అలాగన్నమాట.
పైకి అంటే మెడ పోయే పేరొకటి
పొడుపుకథలా చెవిలో వేశాడు.

ఇదంతా ఇవాళ మళ్లీ చెప్పాను, చాప మీది పదకొండు మందికి.
కరెంటు పోయింది. ఎవరో ఫోన్ లైటు పట్టారు.
మహానగరం కూలితే వర్తకులు ఏడ్చే చోటుకి వచ్చాం,
మా సరుకు ఇంకెవరు కొంటారని ఏడుస్తారే, అక్కడికి.
బంగారం, ఊదాగుడ్డ, ఏనుగు దంతం, దాల్చినచెక్క
("మన సరుకే!" అని నవ్వారు హార్బర్‌లో బస్తాలు మోసే ఇద్దరు)
గోధుమలు, గొర్రెలు, గుర్రాలు, బళ్లు,
ఆఖరున మనుషులు.

రిబ్కమ్మ కళ్లు మూసుకుని వింటోంది.
ముప్పై రెండేళ్లు ఈ ఊరి కాలవలెత్తి
ఒక్కనాడూ గ్లవ్వు తొడక్కుండా రిటైరైన చేతులు ఒళ్లో ఉన్నాయి.
"మళ్లీ చదువు" అంది.
చదివాను.
"గొర్రెల తర్వాతా?"
"బళ్ల తర్వాతమ్మా."
"మా మేస్త్రీ పుస్తకమూ అంతే.
చీపుర్లు, గంపలు, బ్లీచింగు మూటలు,
ఒక గీత, గీత కింద మేము.
పేర్లు కూడా కాదు, నంబర్లు.
ఇప్పుడు మా పిల్లకి ఫోనులో మొహం చూపిస్తేనే హాజరు."

"మరి అది?" అన్నాడు తీతు, నా వైపు తిరిగి.

నా దగ్గర ఇంకా రెండు పేజీల నోట్సు ఉంది,
బానిసల సంత గురించి, ఒక గ్రీకు మాట గురించి.
మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ దీవిలో ఆయన ఏం పని చేసేవాడు?" అడిగింది రిబ్కమ్మ.
రాళ్లు కొట్టించారంటారు కొందరు, రుజువు లేదమ్మా.
"కొట్టే ఉంటాడు.
పైనుంచి చదివేవాడికి అంతదాకా ఓపికుండదు.
అడుగునున్నవాడు అడుగునుంచి చదువుతాడు."

తీతు లేచి గోడ దగ్గరకెళ్లాడు.
ఫోన్ వెలుతురులో మృగం బుగ్గ మీద
బొటనవేలి గోటితో నిలువుగా గీశాడు.
రంగు కింద సున్నం. సున్నం కింద ఇటుక.
ఇంకా గీస్తూనే ఉన్నాడు.

బయట మూడో మెట్టు కనపడ్డం లేదు.